రాసింది ఒకటి, నడిచేది మరొకటి

పైథాన్ తెరిచి, హెచ్‌ఎస్‌ఆర్_అద్దె = 12000 అని తెలుగులో టైపు చేయండి. 2008లో పైథాన్ 3.0 వచ్చినప్పటి నుంచి వేరియబుళ్లకు తెలుగు పేర్లు పెట్టుకోవచ్చు కాబట్టి ఇది నడవాలి. కానీ పత్రికల్లో అచ్చయ్యే తీరులో టైపు చేసి ఉంటే నడవదు. కంటికి కనిపించని అక్షరం ఏదో ఉందని, అది చెల్లదని ఎర్రర్ వస్తుంది. ఎంత కళ్లు చిట్లించుకుని చూసినా అక్కడ ఏమీ కనపడదు.

ఉన్నది మాత్రం నిజం. చ్, స్ అనే పొల్లుల పక్కన ఒక్కో జీరో విడ్త్ నాన్‌జాయినర్ దాక్కుని ఉంటుంది. యూనికోడ్ పట్టికలో దాని సంఖ్య 8204. పొల్లు తర్వాతి హల్లు ఒత్తుగా మారిపోకుండా అడ్డుపడటం దాని పని. అది లేకపోతే ‘సాఫ్ట్‌వేర్’ కాస్తా ‘సాఫ్ట్వేర్’ అయిపోతుంది. హెచ్‌ఎస్‌ఆర్‌లో పొల్లు తర్వాత వచ్చేవి అచ్చులు కనుక నిజానికి దాని అవసరం లేదు. అలవాటు కొద్దీ పడిపోతుంది. పైథాన్ నిబంధనల ప్రకారం పేర్లలో ఆ అక్షరానికి చోటు లేదు. అదే పేరును జావాస్క్రిప్ట్‌కు ఇవ్వండి, కిక్కురుమనకుండా తీసుకుంటుంది. 2009 నాటి ప్రమాణంలోనే ఆ అక్షరాన్ని పేర్లలో అనుమతించారు. ఏది పేరు, ఏది అంకె, ఏది చెత్త అని తేల్చేది, మనం రాసిన ప్రోగ్రాంను మెషీన్‌కు అర్థమయ్యే రూపంలోకి మార్చే కంపైలర్ గుమ్మంలో కూర్చున్న భాగం. దాన్ని లెక్సర్ అంటారు. ఈ వ్యాసం ఆ గుమ్మం దాటి లోపలికి వెళ్లడం గురించి.

హోసూరు, సర్జాపూర్ రోడ్ల పేర్లు కలిపి పెట్టుకున్న హెచ్‌ఎస్‌ఆర్ లేఅవుట్‌ను బెంగళూరు అభివృద్ధి సంస్థ ఇళ్ల కోసం వేసింది. ఇప్పుడక్కడ ఇళ్లతో పాటు స్టార్టప్ ఆఫీసులు, కోచింగులు, పీజీలు కిక్కిరిసి ఉన్నాయి. సాయంత్రం ఏ టీకొట్టు దగ్గర నిలబడినా సీమ యాస, గోదావరి యాస, తెలంగాణ యాస మూడూ వినపడతాయి. వాళ్లలో సగం మందికి పైగా రోజూ కంపైలర్‌తో పని చేయించుకునేవాళ్లే అనుకుంటాను. దాని లోపలికి తొంగిచూసినవాళ్లు మాత్రం తక్కువ. తప్పు వాళ్లది కాదు. ఇంజినీరింగ్‌లో కంపైలర్ డిజైన్ అంటే పరీక్ష ముందు రాత్రి ఫస్ట్, ఫాలో సెట్లు బట్టీ పట్టి, మర్నాడు మధ్యాహ్నానికి మరిచిపోయే సబ్జెక్టు. సిలబస్‌లో సింహభాగం తీసుకునే పార్సింగ్, అంటే వాక్య నిర్మాణం తేల్చడం, ఎప్పుడో తీరిపోయిన చిక్కు. అసలు కథ దాని తర్వాత మొదలవుతుంది. మన పాఠాలు అక్కడికి చేరేలోపే సెమిస్టర్ అయిపోతుంది.

అయినా గుమ్మం దాటకుండా లోపలికి వెళ్లలేం. సీ భాషలో ఒక వరుస తీసుకుందాం: ఏడాది = నెల * 12 + డిపాజిట్; ఇందులో పేర్లు తెలుగులో ఉన్నా ఇది చెల్లే సీ వాక్యమే. 2020లో వచ్చిన జీసీసీ 10 నుంచి ఆ కంపైలర్ ఇలాంటి పేర్లను నేరుగా ఒప్పుకుంటోంది. లెక్సర్ ఈ వరుసను ఎడమ నుంచి కుడికి చదువుతూ ఎనిమిది ముక్కలు చేస్తుంది. మూడు పేర్లు, ఒక అంకె, మూడు గుర్తులు, చివర సెమీకోలన్. ఖాళీలు, కామెంట్లు ఇక్కడే రాలిపోతాయి. మీరు కామెంటులో ఎంత బాధ వెళ్లబోసుకున్నా ఈ దశ తర్వాత దాని ఊసు ఉండదు. ఈ ముక్కలు చేసే ప్రోగ్రాములను తానే తయారుచేసి పెట్టే లెక్స్ అనే పనిముట్టు 1975లో బెల్ ల్యాబ్స్‌లో పుట్టింది. రాసినవారు మైక్ లెస్క్, ఎరిక్ ష్మిట్. ఆ ష్మిటే తర్వాత గూగుల్ సీఈఓ అయ్యాడు.

ముక్కల వరుస పార్సర్ చేతికి వెళుతుంది. కూడిక కంటే ముందు గుణకారం చేయాలని మనకు బడిలో నేర్పారు. మెషీన్‌కు ఎవరు నేర్పాలి? 1957లో ఐబీఎం 704 కోసం జాన్ బ్యాకస్ బృందం తెచ్చిన ఫోర్‌ట్రాన్ కంపైలర్ దీనికి వేసిన ఎత్తు ఇప్పటికీ ముచ్చటగా ఉంటుంది. వాక్యం మొదట్లో రెండు బ్రాకెట్లు తెరువు, చివర రెండు మూయి. కూడిక గుర్తు వచ్చిన చోట రెండు మూసి, గుర్తు వేసి, రెండు తెరువు. గుణకారం వస్తే ఒకటి మూసి, గుర్తు వేసి, ఒకటి తెరువు. అంతే. మన వరుస మీద వేసి చూడండి: ((నెల)*(12))+((డిపాజిట్)). ఎవరూ ఏమీ ఆలోచించకుండానే గుణకారం లోపలి బ్రాకెట్లలోకి చేరిపోయింది. (ఇక్కడ కూడికకు, గుణకారానికి మాత్రమే చూపాను. ఘాతాలు కూడా కలిస్తే బ్రాకెట్లు ఇంకొక్కటి చొప్పున పెరుగుతాయి.)

ఇప్పటి పార్సర్లు బ్రాకెట్లు చల్లవు, చెట్టు కడతాయి. పైన కూడిక, దాని కింద ఎడమ కొమ్మకు గుణకారం, కుడి కొమ్మకు డిపాజిట్, గుణకారం కింద నెల, 12. 1965లో డొనాల్డ్ నూత్ ఎల్‌ఆర్ పార్సింగ్ పద్ధతి రాసిన తర్వాత ఈ పని గణితంగా స్థిరపడింది. పుస్తకాలుగా స్థిరపడటానికి ఆల్‌ఫ్రెడ్ ఆహో, జెఫ్రీ ఉల్‌మన్ కారణం. కవరు మీద డ్రాగన్ బొమ్మ ఉండే ఆ పాఠ్యపుస్తకాన్ని 1986లో రవి సేథి కూడా కలిసి రాశారు. ఆహో, ఉల్‌మన్‌లకు 2020 సంవత్సరపు ట్యూరింగ్ అవార్డు వచ్చింది.

ప్రతి కొత్త ప్రోగ్రామర్‌నూ ఏడిపించే ఒక చిక్కుకు జవాబు ఇక్కడే ఉంది. పదో వరుస చివర సెమీకోలన్ మరిచిపోతారు. ఎర్రర్ పదకొండో వరుసలో అంటుంది. పదకొండో వరుస శుభ్రంగా ఉంటుంది, మనిషికి పిచ్చెక్కుతుంది. సీ భాషలో వరుస మారడానికి అర్థమేమీ లేదు, అది కూడా ఒక ఖాళీయే. పదో వరుస అయిపోయినా వాక్యం ఇంకా సాగవచ్చు కనుక పార్సర్ తర్వాతి ముక్క కోసం ఎదురుచూస్తుంది. పదకొండో వరుసలోని మొదటి పదం చేతికొచ్చాక గానీ ఇది ఇక్కడ పొసగదని దానికి తెలియదు. ఎక్కడ తెలిసిందో అక్కడే చెబుతుంది. ఈ మధ్య కంపైలర్లు కాస్త మర్యాద నేర్చుకుని, వెనక్కి వెళ్లి పదో వరుస చివర గుర్తు పెడుతున్నాయి. పేరులో అక్షరం తప్పు కొడితే, దగ్గరి పేరు వెతికి ఇదేనా మీ ఉద్దేశం అని అడుగుతున్నాయి కూడా.

పేర్లు ముందు ప్రకటించారా, అంకెను అక్షరాలతో కూడుతున్నారా అని చూసే అర్థ పరీక్ష ఆ తర్వాత జరుగుతుంది. అది గడిచిందంటే మీ ప్రోగ్రాం చెల్లుతుంది. చాలామంది ఊహలో కంపైలర్ కథ ఇక్కడితో దాదాపు అయిపోతుంది. మిగిలింది ఈ చెట్టును మెషీన్ భాషలోకి వరుస వెంట వరుసగా మార్చడమే అనుకుంటారు. అలా మార్చే కంపైలర్ రాయవచ్చు. రాస్తే ఎవరూ వాడరు.

బ్యాకస్ బృందం భయమూ అదే. 1954లో పని మొదలుపెట్టినప్పుడు, చేయి తిరిగిన ప్రోగ్రామర్ మెషీన్ భాషలో రాసినదాని కంటే తమ కంపైలర్ ఇచ్చేది బాగా నెమ్మదిగా నడిస్తే ఫోర్‌ట్రాన్ పుట్టకముందే చచ్చిపోతుందని వాళ్లకు తెలుసు. అందుకే మొదటి ఫోర్‌ట్రాన్ నుంచే కంపైలర్‌లో బుర్ర పెట్టాల్సినదంతా వేగం మీద పెట్టారు. ఆ దారిని శాస్త్రంగా మలిచినవాళ్లలో ఐబీఎంకే చెందిన ఫ్రాన్సెస్ అలెన్ ముందుంటారు. 2006 ట్యూరింగ్ అవార్డు ఆమెకు వచ్చింది. ఆ అవార్డు అందుకున్న మొదటి మహిళ ఆమే.

వేగం కోసం కంపైలర్‌కు ఒక స్వేచ్ఛ ఇచ్చారు. మీరు రాసింది రాసినట్టే చేయనవసరం లేదు. బయట కనిపించే ఫలితం మాత్రం తేడా రాకూడదు. తెర మీద పడేది, ఫైలులోకి వెళ్లేది, నెట్‌వర్క్ మీద పోయేది మీరు చెప్పినట్టే ఉంటే, మధ్యలో ఏం చేసినా, ఏం చేయకపోయినా దాని ఇష్టం. కంపైలర్‌ను అర్థం చేసుకోవాలంటే ఈ ఒక్క షరతు పట్టుకుంటే చాలు. దాని పనంతా ఏది ఎగ్గొట్టినా పట్టుబడదో నిరూపించుకోవడమే.

ఎగ్గొట్టాలంటే ముందు ప్రోగ్రాంను విప్పి పరచుకోవాలి. ఎల్‌ఎల్‌వీఎం అనే కంపైలర్ వ్యవస్థ ఆ పని ఎలా చేస్తుందో చూద్దాం. దాన్ని 2000లో ఇల్లినాయ్ విశ్వవిద్యాలయంలో క్రిస్ లాట్నర్, ఆయన గురువు విక్రమ్ అద్వే మొదలుపెట్టారు. ఇవాళ సీ, సీ++ల క్లాంగ్ కంపైలర్‌కు, స్విఫ్ట్, రస్ట్ భాషలకు వెనక యంత్రాంగంగా ఉన్నది అదే. అది మీ చెట్టును ఒక మధ్యస్థ రూపంలోకి మారుస్తుంది. ఒక్కో వరుసకు ఒక్కటే పని: త1 = నెల * 12. త2 = త1 + డిపాజిట్. ఒక పేరుకు విలువ పుట్టుకతో ఒక్కసారే. మీరు ఒకే వేరియబుల్‌ను పదిసార్లు మార్చితే ఇక్కడ పది పేర్లు పుడతాయి. 1980ల చివర్లో ఐబీఎం పరిశోధకులు తీర్చిదిద్దిన ఈ పద్ధతిని ఎస్‌ఎస్‌ఏ అంటారు. దీని లాభం పైకి చిన్నదిగా కనిపిస్తుంది. త1 ఎక్కడ కనిపించినా దాని విలువ ఎక్కడ పుట్టిందో వెతకక్కర్లేదు, అది పుట్టిన చోటు ఒక్కటే. విలువ పుట్టి, ఎవరూ వాడుకోకపోతే ఆ వరుసను తీసి పారేయవచ్చు. రెండు పేర్లకు ఒకే లెక్క ఉంటే ఒకదాన్ని తీసేయవచ్చు.

నెల అద్దె 12000, డిపాజిట్ 50000 అని ప్రోగ్రాంలోనే రాసి ఉంటే, కంపైలర్ గుణకారం, కూడిక రెండూ తానే చేసేసి 194000 అనే అంకె ఒక్కటి మెషీన్ కోడ్‌లో పెడుతుంది. ప్రోగ్రాం నడిచేటప్పుడు లెక్క అనేదే ఉండదు. అద్దె ఎంతో నడిచేటప్పుడే తెలుస్తుందనుకోండి, అప్పుడు కూడా 12తో గుణించమని ప్రాసెసర్‌ను అడగకపోవచ్చు. బైనరీలో అంకెను రెండు స్థానాలు ఎడమకు జరిపితే నాలుగు రెట్లు అవుతుంది: 12000 కాస్తా 48000. దానికి దాని రెట్టింపు కలిపితే 1,44,000. ఇంటెల్ తరహా ప్రాసెసర్ల మీద జరపడానికి ఒక సూచన, రెట్టింపు కలపడానికి ఒక సూచన. పని అయిపోయింది.

భాగహారం దగ్గర చేసే గారడీ ఇంకా గట్టిది. పది మంది పంచుకునే కరెంటు బిల్లును 10తో భాగించాలి. ప్రాసెసర్‌కు భాగహారం చాలా ఖరీదైన పని, గుణకారం దానికంటే బాగా చవక. అందుకని 32 బిట్ల ధన పూర్ణాంకాన్ని 10తో భాగించమంటే కంపైలర్ దాన్ని 3,43,59,73,837తో గుణించి, వచ్చినదాన్ని 35 స్థానాలు కుడికి జరుపుతుంది. ఎక్కడిదీ అంకె? రెండును 35 సార్లు గుణించి 10తో భాగిస్తే వచ్చే దానికి ఎగువన ఉన్న పూర్ణాంకం. కుడికి 35 జరపడమంటే ఆ రెండుల లబ్ధంతో భాగించడమే కాబట్టి మిగిలేది పదో వంతు. ఎగువకు సవరించినందువల్ల వచ్చే తేడా 32 బిట్లలో పట్టే ఏ అంకె దగ్గరా ఫలితాన్ని చెడగొట్టదని 1994లో గ్రాన్‌లుండ్, మాంట్‌గోమరీ రాసిన పత్రంలో నిరూపణ ఉంది. ఆ నిరూపణ లేకుండా ఇది కేవలం చేతివాటం అయ్యేది.

నాకు అన్నిటికంటే నచ్చేది మరొకటి ఉంది. సున్నా నుంచి మొదలుపెట్టి ఎన్ దాకా, ఎన్‌ను వదిలేసి, అంకెలన్నీ కూడే లూప్ సీలో రాయండి. క్లాంగ్ కంపైలర్‌కు ఇచ్చి, బాగా మెరుగుపరచమని ఓ2 స్థాయి పెట్టండి. బయటికొచ్చిన కోడ్‌లో లూప్ ఉండదు. మనం హైస్కూల్లో నేర్చుకున్న ఎన్ ఇంటూ ఎన్ మైనస్ ఒకటి బై రెండు సూత్రం ఉంటుంది. క్లాంగ్‌కు ఆ సూత్రం ఎవరూ బట్టీ పట్టించలేదు. లూప్ ఒక్కో చుట్టుకు ఏ విలువ ఎంత పెరుగుతుందో బీజగణితంలో రాసుకునే విశ్లేషణ ఒకటి దాని లోపల ఉంది. పెరుగుదల ఒక బహుపదిగా తేలితే చివరి విలువను నేరుగా రాసేస్తుంది. వంద కోట్ల చుట్లు తిరగాల్సిన లూప్ కొద్దిపాటి సూచనల్లో ముగుస్తుంది.

ఈ స్వేచ్ఛకు ఒక చీకటి వైపు ఉంది. సీ భాషలో ఇంట్ అనే మామూలు పూర్ణాంకంలో పట్టే గరిష్ఠ విలువ సాధారణంగా 214 కోట్ల 74 లక్షల 83 వేల 647. హెచ్‌ఎస్‌ఆర్ స్టార్టప్‌ల పెట్టుబడి వార్తల్లో దీన్ని దాటే మొత్తాలు కొత్త కాదు. దానికి ఒకటి కలిపితే ఏమవుతుంది? సీ ప్రమాణం సమాధానం చెప్పదు. అలా జరిగితే ప్రోగ్రాంకు నిర్వచనమే లేదంటుంది. కంపైలర్ దాన్ని తనకు అనుకూలంగా చదువుకుంటుంది. నిర్వచనం లేని పని మంచి ప్రోగ్రామర్ చేయడు, కాబట్టి అది ఎన్నడూ జరగదు. ఎన్నడూ జరగదంటే, ఒక అంకెకు ఒకటి కలిపితే వచ్చేది ఆ అంకె కంటే ఎప్పుడూ పెద్దదే. కనుక అంకె పొంగిందేమో చూద్దామని మీరు జాగ్రత్తగా రాసుకున్న పరీక్ష అనవసరం. తీసేస్తుంది.

2009లో లినక్స్ కెర్నల్‌కు ఇలాంటి దెబ్బే తగిలింది. టన్ అనే నెట్‌వర్క్ డ్రైవర్‌లో మెమరీలో ఒక చోటును చూపించే పాయింటర్‌ను ముందు వాడేసి, తర్వాతి వరుసల్లో అది శూన్యమా అని పరీక్షించారు. మనిషి చూపుకు అది వరుస తారుమారైన చిన్న పొరపాటు. జీసీసీ తర్కం వేరు. శూన్య పాయింటర్‌ను వాడటం నిర్వచనం లేని పని. వాడారు కాబట్టి శూన్యం కాదు. శూన్యం కాదు కాబట్టి పరీక్ష దండగ. పరీక్ష ఎగిరిపోయింది, ఆ సందులోంచి కెర్నల్‌ను చేజిక్కించుకునే దారి దొరికింది. ఆ తర్వాత ఈ రకం పరీక్షలను తీసేయవద్దని కెర్నల్‌ను కంపైల్ చేసేటప్పుడు ప్రత్యేకంగా చెప్పడం మొదలుపెట్టారు. తప్పు ఎవరిదని ఇప్పటికీ వాదులాడుకునేవాళ్లున్నారు. నా మటుకు నాకు ఇది కంపైలర్ మోసంలా కనిపించదు. భాష రాసిపెట్టిన ఒప్పందంలోని సన్నని అక్షరాలను మనకంటే అదే శ్రద్ధగా చదివింది.

మెరుగుపరచడం అయ్యాక విలువలకు చోటు చూపాలి. ప్రాసెసర్‌లో లెక్క నడిచేది రిజిస్టర్లలో. ఇంటెల్ తరహా 64 బిట్ల ప్రాసెసర్‌లో సాధారణ వాడుకకు ఉన్నవి 16, ఫోన్లలోని ఏఆర్ఎం 64లో 31. ఎస్‌ఎస్‌ఏ పేర్లేమో వందల్లో ఉంటాయి. ఇది హెచ్‌ఎస్‌ఆర్ పీజీ ఓనరు రోజూ చూసే లెక్కే. పగలు డ్యూటీ వాడు, రాత్రి డ్యూటీ వాడు ఒకే మంచం వాడుకోవచ్చు. ఇద్దరికీ ఒకే వేళలో నిద్ర అయితే కుదరదు. కంపైలర్ ప్రతి విలువకూ అది పుట్టిన చోటి నుంచి చివరిసారి వాడిన చోటి దాకా ఆయుష్షు లెక్కగడుతుంది. ఏ రెండు ఆయుష్షులు ఒకదాని మీద ఒకటి పడ్డాయో వాటి మధ్య గీత గీస్తుంది. గీత ఉన్న రెండిటికీ ఒకే రంగు పడకుండా 16 రంగులతో వేయగలమా అన్నదే ప్రశ్న. 1981లో ఐబీఎంలో గ్రెగరీ చైటిన్, సహచరులు చూపిన దారి ఇది. అన్ని సందర్భాల్లోనూ అతి తక్కువ రంగులతో వేయడం అతి కష్టమైన లెక్కల కోవలోది కనుక కంపైలర్లు ఉజ్జాయింపు ఉపాయాలతో సరిపెట్టుకుంటాయి. చోటు దొరకని విలువను మెమరీలోకి నెట్టేస్తాయి. మళ్లీ కావాలంటే అక్కడి నుంచి తెచ్చుకోవాలి. అది బాగా ఆలస్యం.

ఇక చివరి దశలో సూచనలు ఆబ్జెక్ట్ ఫైలుగా మారతాయి, లింకర్ వాటిని లైబ్రరీలతో కలుపుతుంది. ఫలానా పేరుకు నిర్వచనం దొరకలేదంటూ చివర్లో వచ్చే ఎర్రర్‌కు చాలామంది కంపైలర్‌ను తిడతారు. అది లింకర్ మాట.

మెమరీ ఆలస్యం అన్నాం కదా, కంపైలర్ శాస్త్రంలో బెంగళూరు వాటా అక్కడే ఉంది. హెచ్‌ఎస్‌ఆర్ నుంచి సిల్క్‌బోర్డ్ కూడలి దాటి, ఊరికి అటు వైపున ఉన్న ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సైన్స్‌కు వెళ్లాలి. అక్కడి కంప్యూటర్ సైన్స్ శాఖలో ఆచార్యుడు ఉదయ్ బొందుగుల. మద్రాస్ ఐఐటీలో బీటెక్ చేసి, అమెరికాలో ఒహాయో స్టేట్ విశ్వవిద్యాలయంలో పి. సదయప్పన్ దగ్గర పీహెచ్‌డీ చేసేటప్పుడు ఆయన తయారుచేసిన ప్లూటో అనే కంపైలర్ పనిముట్టు 2008లో ప్రచురితమైంది.

ప్లూటో ఏ చిక్కు విప్పుతుందో ఒక ఉదాహరణ. 2000 వరుసలు, 2000 నిలువుల మాత్రిక తీసుకోండి. ఒక్కో అంకెకు 8 బైట్లు చొప్పున 3 కోట్ల 20 లక్షల బైట్లు. సీ భాష దీన్ని మెమరీలో వరుస తర్వాత వరుసగా పరుస్తుంది. ప్రాసెసర్ మెమరీ నుంచి ఒక్క అంకె అడిగినా 64 బైట్ల ముక్క, అంటే 8 అంకెలు, ప్రాసెసర్‌లోనే ఉండే చిన్న మెమరీ అయిన క్యాష్‌లోకి వస్తాయి. వరుస వెంట నడిస్తే తెచ్చిన ఎనిమిదీ పనికొస్తాయి. నిలువుగా దిగితే తర్వాతి అంకె 16,000 బైట్ల దూరంలో ఉంటుంది. ఎనిమిదింటిలో ఒక్కటే వాడి, మిగతావి వాడకుండానే బయటికి పంపేస్తాం. రెండు మాత్రికలను మామూలు పద్ధతిలో గుణిస్తే ఒకదాన్ని వరుసగా, రెండోదాన్ని నిలువుగా చదువుతాం. అందుకని మాత్రికను 32 వరుసలు, 32 నిలువుల పలకలుగా కోసి, పలక పలకగా గుణిస్తారు. ఒక పలక 8 కిలోబైట్లు. పనిలో ఉన్న మూడు మాత్రికల నుంచి మూడు పలకలు కలిపితే 24. 32 కిలోబైట్ల తొలి అంచె క్యాష్‌లో హాయిగా పడతాయి.

చేత్తో ఇలా కోయడం నేర్చుకున్నవాళ్లు కోస్తారు. ఏ లూపును ఎలా కోయవచ్చో, ఏది ముందు నడవవచ్చో కంపైలర్‌కే తెలిసేదెలా? ప్లూటో వాడే బహుఫలక పద్ధతిలో లూప్‌లోని ప్రతి చుట్టూ జాగాలో ఒక చుక్క. మూడు లూపులు ఒకదానిలో ఒకటి ఉంటే మూడు దిశల జాగా. లూపుల హద్దులే ఆ జాగాకు గోడలు. ఒక చుట్టు రాసిన విలువను మరో చుట్టు చదివితే ఆ రెండు చుక్కల మధ్య బాణం. ఏ బాణమూ వెనక్కి తిరగకుండా చుక్కలను ఏ క్రమంలో నడపవచ్చో, ఆ క్రమాల్లో కలిసి పనిచేసే కోర్ల మధ్య రాకపోకలు, క్యాష్ బయటి తిరుగుళ్లు తగ్గించేది ఏదో పూర్ణాంకాల లీనియర్ ప్రోగ్రామింగ్‌తో వెతుకుతుంది. మళ్లీ అదే షరతు. ఫలితం మారకూడదు, క్రమం మన ఇష్టం. షరతుకు లోబడిన స్వేచ్ఛ మొత్తాన్ని గణితంలో రాసుకుని, అందులో మంచిదాన్ని ఎంచుకోవడం. ఎల్‌ఎల్‌వీఎంలోని పాలీ అనే భాగమూ ఈ తరహాలోనే పనిచేస్తుంది. ఫొటోలు, చిత్రాల ప్రాసెసింగ్ కోసం ముళ్లపూడి రవితేజ, వినయ్ వాసిస్త, బొందుగుల కలిసి ఐఐఎస్‌సీలో చేసిన పాలీమేజ్ 2015లో వచ్చింది. కృత్రిమ మేధ మోడళ్లను రకరకాల చిప్‌ల మీద నడపడానికి ఇవాళ ఎక్కువగా వాడే ఎంఎల్‌ఐఆర్ అనే కంపైలర్ చట్రాన్ని గూగుల్‌లో మొదలుపెట్టిన బృందంలోనూ లాట్నర్‌తో పాటు బొందుగుల ఉన్నారు.

హైదరాబాద్ ఐఐటీలో రామకృష్ణ ఉపద్రష్ట బృందం మరో వైపు నుంచి వస్తోంది. మెరుగుపరిచే పద్ధతులు పదుల్లో ఉన్నాయి, ఏది ముందు ఏది తర్వాత అన్నదానికి ఖచ్చితమైన సమాధానం ఎవరి దగ్గరా లేదు. ఎల్‌ఎల్‌వీఎం మధ్యస్థ రూపాన్ని అంకెల వరుసలుగా మార్చి, మెషీన్ లెర్నింగ్ దాన్ని చదివి నిర్ణయించేలా చేసే ఐఆర్‌2వెక్ అనే పద్ధతిని 2020లో వాళ్లు ప్రచురించారు. ఐఐఎస్‌సీలో ఎన్నో ఏళ్లు కంపైలర్లు బోధించిన వై.ఎన్. శ్రీకాంత్ పేరు కూడా ఆ పత్రం మీద ఉంది.

ఇదంతా ల్యాబుల గొడవ అనుకునేవాళ్లు జేబులోని ఫోన్ చూసుకోవాలి. ఆండ్రాయిడ్ 5.0 నుంచి, అంటే 2014 నుంచి, యాప్‌ను ఇన్‌స్టాల్ చేసేటప్పుడే ఫోన్ దాన్ని మెషీన్ కోడ్‌లోకి కంపైల్ చేసేది. అప్‌డేట్ తర్వాత ఫోన్ ఆన్ చేస్తే ఇన్ని యాప్‌లలో ఇన్నోది సిద్ధం చేస్తున్నానంటూ చాలాసేపు కూర్చోబెట్టింది అందుకే. 2016లో వచ్చిన 7.0 నుంచి పద్ధతి మార్చారు. మొదట యాప్‌ను మొత్తంగా కంపైల్ చేయకుండానే నడుపుతుంది. మాటిమాటికీ వాడే భాగాలను నడుస్తుండగానే కంపైల్ చేస్తుంది. ఏవి ఎక్కువ వాడారో రాసిపెట్టుకుని, ఫోన్ చార్జింగ్‌లో ఉండి ఖాళీగా ఉన్న వేళ వాటిని తీరిగ్గా కంపైల్ చేసి దాచుకుంటుంది. పగలంతా హెచ్‌ఎస్‌ఆర్ సెక్టార్ల మధ్య తిరిగే డెలివరీ కుర్రాడి ఫోన్‌కు రాత్రి చార్జింగ్‌లో పెట్టాక ఇదే పని.

నమ్మకం కుదరకపోతే మీ కంప్యూటర్‌లోనే చూడవచ్చు. మ్యాట్ గాడ్‌బోల్ట్ 2012లో మొదలుపెట్టిన కంపైలర్ ఎక్స్‌ప్లోరర్ బ్రౌజర్‌లోనే నడుస్తుంది, ఉచితం. ఎడమ పక్క సీలో ఆ కూడికల లూప్ రాయండి, కుడి పక్క క్లాంగ్ ఎంచుకోండి. ముందు ఓ0 స్థాయిలో చూడండి, మీరు రాసినదంతా వరుస తప్పకుండా కనిపిస్తుంది. తర్వాత ఓ2కు మార్చి లూప్ ఎక్కడికి పోయిందో వెతకండి. ఇంజినీరింగ్ చదివే తమ్ముడో చెల్లెలో ఇంట్లో ఉంటే పక్కన కూర్చోబెట్టుకోండి. ఫస్ట్, ఫాలో సెట్ల కంటే ముందు వాళ్లకు చూపించాల్సింది ఇది.